మూగబోయిన కంప్యూటర్లు: ఆడియో డ్రైవర్ల మరమ్మతు డైరీ

పని పరిధి

కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయానికి ఆరు పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు విరాళంగా వచ్చాయి. చూపులేని విద్యార్థులు పోటీ పరీక్షలకు చదువుకునేందుకు వీలుగా వాటిలో తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అమర్చి ఇవ్వాలన్నది మాకు అప్పగించిన పని. ఇందుకు ఎంచుకున్నది 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దానితోపాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ గొంతు తెలుగును కూడా చదువుతుంది. ఆ గొంతులో యంత్రపు యాస బాగా తెలుస్తుంది గానీ, అలవాటుపడిన విద్యార్థులు దాన్ని మాబోటివారికి ముక్క అర్థం కానంత వేగంలో పెట్టుకుని హాయిగా వింటారు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం సులువుగానే జరిగిపోయింది. చిక్కంతా ధ్వని దగ్గర వచ్చింది. చెడిన డ్రైవరును, అంటే ధ్వని పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌ను, బాగుచేయడానికి తెరవవలసిన కిటికీలన్నింటినీ చెవితోనే చదవాలి కనుక, ఈ వాడుకరులకు ధ్వని పోయిందంటే దాన్ని సరిచేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. అందువల్ల ఎలాగోలా ఒకసారి మోగించి వెళ్లిపోవడం కుదరదు. రేపు అప్‌డేట్ వచ్చినా, కరెంటు పోయి వచ్చినా మోగుతూనే ఉండాలి.

యంత్రాలకు 1 నుంచి 6 వరకు చీటీలు అంటించాము. 1వ దానిలో ఆడియో పరికరం అసలు మొదలు కావడం లేదు. 2వ దానిలో అంతా సవ్యంగా కనిపిస్తూ ఏమీ వినబడదు. 3వ దానిలో మాటల నడుమ చిటపట. 4వ దానిలో ప్రతి మాటకూ మొదటి అక్షరం ఎగిరిపోతోంది. 5వ దానిలో కుడి చెవికి ధ్వని లేదు. 6వది చక్కగా ఉంది. 1, 4, 6 ఒకే తయారీదారుకు చెందిన ఒకే మోడల్ మదర్‌బోర్డులు కావడం తరువాత బాగా కలిసివచ్చింది.

సోమవారం: లోపం ఏ అంచెలో ఉందో తేల్చడం

ధ్వని రాకపోతే చాలామంది చేసే మొదటి పని ఇంటర్నెట్‌లో దొరికిన డ్రైవరు దించి ఎక్కించడం. నేను దాన్ని చివరికి వాయిదా వేస్తాను. విండోస్‌లో ఒక మాట స్పీకరుదాకా చేరాలంటే చాలా అంచెలు దాటాలి. ప్రోగ్రాము ఇచ్చిన ధ్వనిని విండోస్ ఆడియో అనే సర్వీసు అందుకుంటుంది. అన్ని ప్రోగ్రాముల ధ్వనులనూ ఆడియో ఇంజిన్ ఒకచోట కలుపుతుంది. డ్రైవరు దాన్ని మదర్‌బోర్డు మీది ఆడియో కంట్రోలరుకు అప్పగిస్తుంది. కంట్రోలరు నుంచి హై డెఫినిషన్ ఆడియో లింకు మీదుగా కోడెక్ చిప్‌కు చేరుతుంది. అంకెలను విద్యుత్ తరంగంగా మార్చి జాక్‌కు పంపేది ఆ కోడెక్. ఇంటెల్ 2004లో తెచ్చిన ఈ ఏర్పాటు, అంతకుముందు 1997 నుంచి నడిచిన ఏసీ97 స్థానంలోకి వచ్చింది. ఇప్పటి డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఈ అంచెల్లో లోపం ఎక్కడుందో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది యూఎస్‌బీ హెడ్‌సెట్. దానికి కావలసిన డ్రైవరు విండోస్‌లోనే ఉంటుంది, మదర్‌బోర్డు కోడెక్‌తో దానికి సంబంధమే లేదు. కనుక హెడ్‌సెట్ మోగిందంటే సర్వీసు, ఇంజిన్ బాగున్నట్టు. లోపం కోడెక్ డ్రైవరులోనో, కోడెక్‌లోనో, తీగలోనో ఉన్నట్టు. రెండవది పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటు అనే లినక్స్. హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా దానితో యంత్రాన్ని లేపి, స్పీకర్-టెస్ట్ అనే ఆదేశాన్ని రెండు చానళ్లని చెప్పి ఇస్తే ఎడమ కుడి స్పీకర్లు వంతులవారీగా మోగాలి. లినక్స్‌లో మోగి విండోస్‌లో మోగకపోతే చిప్ నిర్దోషి, డ్రైవరో విండోస్ అమరికో దోషి.

1వ యంత్రం రెండు పరీక్షల్లోనూ మోగింది. 5వది లినక్స్‌లో కూడా ఒక చెవికే మోగింది కాబట్టి దానికి డ్రైవరు వైద్యం దండగ అని అక్కడికక్కడే తేలిపోయింది.

మంగళవారం: 1వ యంత్రం, కోడ్ 10

డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ పేరు పక్కన పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది. ప్రాపర్టీస్ తెరిస్తే పరికరం మొదలు కాలేదని, కోడ్ 10 అని ఉంది. ఈ కోడ్‌లను పట్టించుకోవడం అవసరం. 28 అంటే డ్రైవరే లేదు; 39 అంటే డ్రైవరు ఫైలు పాడైంది లేదా కనిపించడం లేదు; 52 అంటే డిజిటల్ సంతకాన్ని విండోస్ ధ్రువీకరించలేకపోయింది; 22 అంటే ఎవరో దాన్ని డిసేబుల్ చేసి మరిచిపోయారు. 10 మాత్రం కాస్త గడుసుది. డ్రైవరు ఉంది, పరికరం ఉంది, వాటికి పొత్తు కుదరలేదు అన్నంతవరకే చెబుతుంది.

డిటైల్స్ ట్యాబులో హార్డ్‌వేర్ ఐడీలు చూశాను. పై వరుసలో ఉండే పొడవాటి ఐడీని ముక్కలుగా చదవాలి. వెన్ తరువాత 10ఈసీ అని ఉంటే చిప్ రియల్‌టెక్ వారిది. డెవ్ తరువాత 0662 అని ఉంటే అది ఏఎల్‌సీ662 కోడెక్. సబ్‌సిస్ తరువాత వచ్చే ఎనిమిది అక్షరాలు ఈ చిప్‌ను ఏ తయారీదారు ఏ బోర్డు మీద వాడారో చెబుతాయి. ఆ చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు, అసలు కీలకం అక్కడే ఉంది. ఒకే కోడెక్‌ను వేర్వేరు బోర్డుల మీద వేర్వేరు విధాలుగా జాక్‌లకు కలుపుతారు. కోడెక్‌లోని ప్రతి పిన్‌కూ 32 బిట్ల అమరిక ఒకటి ఉంటుంది. ఆ పిన్‌కు జాక్ తగిలించారా లేదా, అది ముందు పానెల్‌లో ఉందా వెనుక ఉందా, స్పీకరా మైకా, దాని రంగేమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. కంప్యూటరు లేవగానే ముందుగా నడిచే బయోస్ ఆ అమరికను నింపుతుంది, తయారీదారు ఇచ్చిన డ్రైవరు కొన్నిసార్లు దాన్ని సవరిస్తుంది. అందుకే కంప్యూటరు లేదా మదర్‌బోర్డు తయారీదారు పేజీలోని ప్యాకేజీకే నా మొదటి ఓటు. ఊరూ పేరూ లేని డ్రైవర్ అప్‌డేటర్లను నేను యంత్రంలోకి అడుగుపెట్టనివ్వను.

అసలు చిక్కు, విండోస్ డ్రైవరు ప్యాకేజీలను దాచుకునే డ్రైవర్ స్టోర్‌లో దొరికింది. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, పీఎన్‌పీయుటిల్ ఆదేశానికి ఎనమ్-డ్రైవర్స్ అనే స్విచ్ జోడిస్తే, బయటినుంచి వచ్చి చేరిన ప్యాకేజీల జాబితా వస్తుంది. ఒక్కొక్కదానికీ ఓఈఎమ్ అన్న అక్షరాలు, ఒక అంకె కలిపిన పేరు, అసలు పేరు, తేదీ, వెర్షన్ కనిపిస్తాయి. 1వ యంత్రంలో రియల్‌టెక్ ప్యాకేజీలు ఒకటికి రెండు ఉన్నాయి. ఒకటి విండోస్ 7 కాలం నాటిది. యంత్రాన్ని విండోస్ 10కు పెంచినప్పుడు అదీ వెంట వచ్చేసింది. రెండవది ఎవరో తరువాత ఎక్కించిన కొత్త ప్యాకేజీ. కొత్తది ఉండగా పాతది ఎందుకు నడుస్తోంది?

విండోస్ డ్రైవరును ఎంచుకునే పద్ధతి తెలిస్తే జవాబు దొరుకుతుంది. అది ముందుగా తేదీ చూడదు. సంతకం ఎలాంటిది, పరికరపు ఐడీకి ప్యాకేజీలోని ఐడీ ఎంత దగ్గరగా సరిపోయింది వంటివి లెక్కించి ప్రతి ప్యాకేజీకీ ఒక ర్యాంకు ఇస్తుంది. ర్యాంకులు సమానమైనప్పుడు మాత్రమే తేదీని, ఆపైన వెర్షన్‌ను చూస్తుంది. పాత ప్యాకేజీ ఈ బోర్డు సబ్‌సిస్ సంఖ్యను పేరుపెట్టి చెప్పింది. కొత్తది 0662 చిప్ అంతవరకే చెప్పి ఊరుకుంది. కనుక ఎన్నిసార్లు అప్‌డేట్ డ్రైవర్ నొక్కినా, తగిన డ్రైవరు ఇప్పటికే ఉందంటూ విండోస్ పాతదాన్నే పట్టుకుని వేలాడింది. విండోస్ ఫోల్డరులోని ఐఎన్‌ఎఫ్ ఉపఫోల్డరులో సెటప్ఏపీఐ డాట్ డెవ్ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో దాన్ని తెరిచి చివరినుంచి పైకి చదువుతూ పోతే ఈ ఎంపిక మొత్తం అక్షరాలా రాసి ఉంది.

డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, డ్రైవరు సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించు అన్న గడిలో టిక్ పెట్టకపోతే ప్యాకేజీ స్టోర్‌లోనే ఉండిపోతుంది, రీస్టార్ట్ చేయగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కనుక పాత ప్యాకేజీని దాని ఓఈఎమ్ పేరుతో, డిలీట్-డ్రైవర్, అన్‌ఇన్‌స్టాల్ అనే రెండు స్విచ్‌లు కలిపి తీసివేశాను. ఎవరి చేతిదో తెలియని కొత్త ప్యాకేజీని కూడా అలాగే తొలగించాను. రీస్టార్ట్ తరువాత విండోస్ తన సొంత డ్రైవరును పెట్టుకుంది. పరికరం పేరు హై డెఫినిషన్ ఆడియో డివైస్ అని మారింది, పసుపు గుర్తు పోయింది, వెనుక ఆకుపచ్చ జాక్‌లో ఎన్‌వీడీఏ గొంతు పలికింది.

ఈ సాదా డ్రైవరును తక్కువగా చూడనక్కరలేదు. మాట వినడం తప్ప ఈక్వలైజరు, హాలు ప్రతిధ్వని వంటి హంగులు అక్కరలేని చోట నేను దాన్నే ఉంచేస్తాను. ఇక్కడ మాత్రం ముందు పానెల్‌లో హెడ్‌ఫోన్ పెడితే ధ్వని అటు మారలేదు. విద్యార్థి ప్రతిసారీ కేబినెట్ వెనుకకు చేయి పోనిచ్చి జాక్ తడుముకోవడం బాగుండదు.

6వ యంత్రం ఇక్కడ అక్కరకొచ్చింది. అదే బోర్డు, అదే సబ్‌సిస్ సంఖ్య. విండోస్ 10ను కొత్తగా ఎక్కించింది కాబట్టి పాత చెత్త లేదు. అందులో నడుస్తున్న ఆడియో ప్యాకేజీని ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ స్విచ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, 1వ దానిలో యాడ్-డ్రైవర్, ఇన్‌స్టాల్ స్విచ్‌లతో చేర్చాను. ముందు జాక్ పనిచేసింది. హెడ్‌ఫోన్ గుచ్చగానే వెనుక స్పీకర్లు ఆగుతున్నాయి, తీయగానే మోగుతున్నాయి.

బుధవారం: 2వ యంత్రం

దీని గురించి రాయడానికి పెద్దగా లేదు. వాల్యూమ్ మిక్సర్‌లో ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది, అంటే ఇంజిన్‌దాకా ధ్వని వస్తోంది. అక్కడినుంచి అది స్పీకర్లు లేని మానిటరులోకి హెచ్‌డీఎమ్‌ఐ తీగ గుండా పోతోంది. గ్రాఫిక్స్ డ్రైవరు తనతోపాటు సొంత ఆడియో పరికరాన్ని కూడా తెచ్చుకుంటుంది. హార్డ్‌వేర్ ఐడీలో 8086 అంటే ఇంటెల్, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏఎమ్‌డీ. సౌండ్ కంట్రోల్ పానెల్‌లోని ప్లేబ్యాక్ ట్యాబులో ఆ పరికరాన్ని డిసేబుల్ చేసి, స్పీకర్లను డిఫాల్టుగా పెట్టాను. ఎన్‌వీడీఏకు సొంతంగా అవుట్‌పుట్ పరికరం ఎంచుకునే అమరిక ఉంది కనుక అందులో కూడా చూడాలి. లేకపోతే విండోస్ ఒక దారిన, స్క్రీన్ రీడర్ ఒక దారిన పోతాయి.

గురువారం: 3వ యంత్రం చిటపటలు

ఆడియో డ్రైవరును నిందించడానికి ముందు ఆగి ఆలోచించవలసిన రకం ఇది. విండోస్ ఆడియో ఇంజిన్ మామూలుగా ధ్వనిని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతుంది. సెకనుకు 48,000 నమూనాల లెక్కన ఒక్కో ముక్కలో 480 నమూనాలు; 16 బిట్ల స్టీరియో అయితే 1,920 బైట్లు. తరువాతి ముక్క వేళకు సిద్ధం కాకపోతే ఆ ఖాళీ మనకు చిటుక్కుమని వినిపిస్తుంది. వంతులవారీ నీటిలో ఎగువ రైతు తూము మూయడం ఆలస్యం చేస్తే దిగువ చేను ఎండినట్టు, ప్రాసెసరును వేరే డ్రైవరు ఎక్కువసేపు పట్టుకుంటే ఆడియోకు వంతు తప్పుతుంది. డ్రైవర్లు తమ అత్యవసర పనిని డీపీసీ అనే రూపంలో వరుసలో పెడతాయి. ఒక్కో డీపీసీ 100 మైక్రోసెకన్లు మించకూడదన్నది మైక్రోసాఫ్ట్ డ్రైవరు రచయితలకు చెప్పే నియమం. అందరూ పాటిస్తే ఈ పూట ఖాళీగా గడిచేది.

ముందుగా స్పీకర్ల ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నింటినీ ఆపాను. డ్రైవరుతోపాటు వచ్చే ధ్వని వడపోతలు ఇవి. ఆడియోడీజీ అనే ప్రాసెస్‌లో నడుస్తాయి, నాసిరకంవి అయితే గరగర తెస్తాయి. ఇక్కడ తేడా రాలేదు. సాదా మైక్రోసాఫ్ట్ డ్రైవరుకు మార్చినా చిటపట అలాగే ఉంది. కోడెక్ డ్రైవరు మారినా రోగం మారలేదంటే రోగి వేరే ఎవరో. లేటెన్సీమాన్ అనే, ఏ డ్రైవరు ఎంతసేపు పట్టుకుందో కొలిచి చూపే ప్రోగ్రామును నడిపి, స్క్రీన్ రీడరుతో ఒక పొడవైన పాఠం చదివించాను. ఎక్కువసేపు పట్టిన డీపీసీల వరుసలో పైన కనిపించింది ఎన్‌డీఐఎస్ డాట్ సిస్, అంటే విండోస్ నెట్‌వర్క్ విభాగం. దాని వెనుక నిజంగా ఉన్నది యంత్రానికి తగిలించిన ఒక చవక వైఫై డాంగిల్. డివైస్ మేనేజర్‌లో దాన్ని డిసేబుల్ చేయగానే పాఠం తేటగా వచ్చింది, ఎనేబుల్ చేయగానే చిటపట మళ్లీ మొదలైంది. ఇలా ఆపి, మళ్లీ తెచ్చి చూడకుండా కారణం తేలిందని రాసుకోను. డాంగిల్ చిప్ తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవరు ఎక్కించాక ఆ ప్రోగ్రాములో ఎర్రగీతలు తగ్గాయి, చెవికి చిటపట వినబడలేదు. అయినా గ్రంథాలయంలో నెట్‌వర్క్ తీగ ఉండగా వైఫై దేనికని డాంగిల్‌ను ఊడదీసి సొరుగులో పెట్టాము.

శుక్రవారం: 4వ యంత్రం మింగేస్తున్న అక్షరాలు

దీన్ని పట్టిచ్చినది ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి. స్పీకర్లు బాగానే మోగుతున్నాయి కదా అని నేను తదుపరి పనికి వెళుతుంటే, ‘‘అన్నయ్యా, ‘సెట్టింగ్స్’ అన్నది నాకు ‘ట్టింగ్స్’ అని వినిపిస్తోంది. కాసేపు ఆగి బాణం మీట నొక్కితేనే ఇలా. చకచకా నొక్కుతూ పోతే మాట మొత్తం వస్తోంది’’ అని చెప్పింది. రోగ నిర్ధారణ సగం ఆ మాటల్లోనే అయిపోయింది. ఆగినప్పుడే పోతోందంటే, ఏదో నిద్రపోతోంది.

ధ్వని లేనప్పుడు కరెంటు ఆదా చేయడానికి డ్రైవరు కొంత సమయం చూసి కోడెక్‌ను నిద్రపుచ్చుతుంది. మళ్లీ ధ్వని వచ్చినప్పుడు లేచేందుకు దానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. పాట వినేవారికి ఆ లోపం తెలియదు. ఒక్కొక్క మాట విని ఆగేవారికి మాత్రం ప్రతి మాటా తలలేనిదవుతుంది. తెలుగులో ఇది మరీ చేటు. ‘అసాధ్యం’, ‘అసమానం’ వంటి మాటల మొదట్లో ఒక అక్షరం పోతే పరీక్ష ప్రశ్నకు అర్థమే తిరగబడవచ్చు.

ఈ నిద్ర సమయం విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది. సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ అనే మార్గంలో వెళితే 4డీ36ఈ96సీ అని మొదలయ్యే మీడియా క్లాసు కీ వస్తుంది. దాని కింద 0000, 0001 వంటి ఉపకీలు ఉంటాయి. డ్రైవర్‌డెస్క్ విలువ చూసి మన కోడెక్‌ది ఏదో గుర్తించి, దానిలోని పవర్‌సెట్టింగ్స్ తెరవాలి. అందులో మూడు విలువలు ఉన్నాయి: బ్యాటరీ మీద నడిచేటప్పటి గడువుకు కన్సర్వేషన్‌ఐడిల్‌టైమ్, కరెంటు మీద నడిచేటప్పటి గడువుకు పెర్ఫార్మెన్స్‌ఐడిల్‌టైమ్, నిద్ర ఎంత గాఢంగా ఉండాలో చెప్పేందుకు ఐడిల్‌పవర్‌స్టేట్. గడువు సున్నా అయితే నిద్రే ఉండదు. కీని ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచి, రెండు గడువుల నాలుగు బైట్లనూ సున్నాలు చేసి, రీస్టార్ట్ చేశాను. ఆ అమ్మాయి మెనూలో ప్రతి వరుస మీదా కావాలని ఆగి ఆగి నొక్కుతూ కిందిదాకా వెళ్లి, ఏ అక్షరమూ పోలేదని చెప్పింది.

ఒక మెలిక ఉంది. డ్రైవరును మళ్లీ ఎక్కిస్తే ఈ విలువలు ప్యాకేజీలో రాసినట్టే తిరిగి వస్తాయి. అందుకని సవరించిన కీని రెజ్ ఫైలుగా డెస్క్‌టాప్ మీద ఉంచాను. కొత్త ఎన్‌వీడీఏలో మాట్లాడాక ఆడియో పరికరాన్ని కొంతసేపు మెలకువగా ఉంచే అమరిక కూడా వచ్చింది. రిజిస్ట్రీ జోలికి వెళ్లలేనివారు ముందు దాన్ని చూడవచ్చు. లినక్స్‌లోనూ ఇదే కథ ఉంది. అక్కడ ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ మాడ్యూలుకు పవర్-సేవ్ విలువ సున్నా ఇవ్వాలి.

శనివారం: తిరిగి చెడకుండా

విండోస్ అప్‌డేట్ డ్రైవర్లను కూడా మోసుకొస్తుంది. 2018 అక్టోబరులో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవరు 09.21.00.3755 వెర్షన్ పొరపాటున విండోస్ 10 యంత్రాలకు చేరి, చాలాచోట్ల ధ్వని పోయింది. దాన్ని తొలగించమని మైక్రోసాఫ్టే సూచనలు ఇవ్వవలసి వచ్చింది. ప్రో ఎడిషన్లో గ్రూప్ పాలసీ తెరిచి, విండోస్ అప్‌డేట్లలో డ్రైవర్లను చేర్చవద్దన్న నియమాన్ని ఎనేబుల్ చేయవచ్చు. అలా చేస్తే డ్రైవర్లలోని భద్రతా సవరణలు కూడా ఆగుతాయి కనుక నాకు మామూలుగా అది నచ్చదు. అయితే విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఈ ప్రాసెసర్లు విండోస్ 11 అర్హతకు అందవు. ఉన్న డ్రైవరును కదలనివ్వకపోవడమే ఇక్కడ మేలనిపించి ఆరింటిలోనూ ఆ నియమం పెట్టాను. బాగా పనిచేస్తున్న డ్రైవర్ల ఎక్స్‌పోర్ట్‌ను యంత్రం సంఖ్య పేరుతో ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి గ్రంథాలయాధికారి బీరువాలో ఉంచాము.

5వ యంత్రం జాక్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూశాను. ముందు జాక్‌లోనూ కుడివైపు రాలేదు. కోడెక్ మార్చడం ఈ పాత బోర్డుకు దండగ కనుక ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టరు తగిలించి, బయోస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియోను ఆపేశాను. ఇలాంటి అడాప్టర్లను ఒక పోర్టు నుంచి తీసి మరోదానిలో పెడితే విండోస్ చాలాసార్లు కొత్త పరికరంగా లెక్కించి, పేరు ముందు 2 అని చేరుస్తుంది. వాల్యూము, డిఫాల్టు అమరికలు మళ్లీ చేయవలసి వస్తుంది. కనుక ఆ పోర్టు పక్కన వేలికి తగిలేలా ఒక గట్టి రబ్బరు బొట్టు అంటించాము. 2వ యంత్రంలో ఉబుంటుతోపాటు ఓర్కా స్క్రీన్ రీడరును పెట్టి, విద్యార్థులకు అది ఏమేరకు నచ్చుతుందో చూడడం వచ్చేవారం పని.